పాట రాసే మనిషి ఒకరు, జామ్ బ్యాండ్ ఒకటి: ఇద్దరూ కలిసి ఆల్బమ్ చేయాలంటే ఎలా

ఈ మధ్య ముగ్గురు నలుగురు ఇదే అడిగారు. అన్నా మాకో బ్యాండ్ ఉంది, వీకెండ్ కూర్చుంటే గంటలు గంటలు వాయిస్తాం, పాటలు రాసే ఫ్రెండ్ కూడా ఉన్నాడు, ఇద్దర్నీ కలిపి ఒక ఆల్బమ్ చేద్దామంటే ఎంతకీ కుదరట్లేదు, ఏం చేయాలి అని. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతున్నా, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. మేం అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటాం, ఐదుగురం తెలుగువాళ్లం, నేను బేస్ వాయిస్తా, మాతో పాటలు రాసే అక్కది కాకినాడ. మా బేస్‌మెంట్‌లో ఆరు పాటలు రికార్డ్ చేశాం, అందులో మొదటి నెల చేసిందంతా తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది, ఆ తర్వాతే దారి దొరికింది. ఆ దారి చూపించింది మా ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న ఏథెన్స్ అనే ఊళ్లో తయారై 1995లో వచ్చిన ఒక ఆల్బమ్, కాబట్టి ముందు దాని గురించి చెప్పి తర్వాత పనిలోకి వెళ్తా.

ఆల్బమ్ పేరు నైన్ హై ఎ పాలెట్, చేసిన బ్యాండ్ పేరు బ్రూట్, ఇంగ్లిష్‌లో అన్నీ చిన్న అక్షరాలతో రాసి చివర చుక్క పెడతారు. ఇది నిజానికి రెండు వేరు వేరు ప్రపంచాలు కలిసిన బ్యాండ్. ఒకవైపు విక్ చెస్‌నట్ అనే పాటల రచయిత, జార్జియాలోనే జెబులన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు, 1983లో పద్దెనిమిదేళ్లప్పుడు కారు యాక్సిడెంట్ అయి అప్పటినుంచి వీల్‌చెయిర్‌లోనే ఉన్నాడు, చేతివేళ్లు కూడా సరిగ్గా కదిలేవి కాదు, తీగలు మీటే పిక్‌ని గ్లవ్‌కి అంటించుకుని గిటార్ వాయించేవాడు. ఏథెన్స్‌లో 40 వాట్ క్లబ్‌లో పాడుతుంటే ఆర్.ఇ.ఎమ్. బ్యాండ్ సింగర్ మైకేల్ స్టైప్ విని దగ్గరుండి అతని మొదటి రెండు ఆల్బమ్‌లు, 1990లో ఒకటి 1991లో ఒకటి, ప్రొడ్యూస్ చేశాడు. రెండోవైపు వైడ్‌స్ప్రెడ్ పానిక్, అదే ఊళ్లో 1986లో మొదలైన జామ్ బ్యాండ్, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ పాటని సాగదీసి వాయించే బ్యాండ్, పాట ఒకటే కానీ ఈ రోజు వాయించినట్టు రేపు వాయించరు, స్టేజ్ మీద ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లిపోతారు, వరసగా నాలుగు రోజులు వెళ్లినా వేరే వేరే పాటలే వినిపిస్తాయి. 1998 ఏప్రిల్‌లో ఏథెన్స్ రోడ్ల మీద ఫ్రీ షో పెడితే వచ్చిన జనం అంచనా ఎనభై వేల నుంచి లక్ష దాకా చెప్తారు, చిన్న యూనివర్సిటీ టౌన్ అది.

ఇప్పుడు ఊహించుకోండి, ఒకాయన గిటార్ మీద మూడు కార్డ్‌లతో (కార్డ్ అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి), నెమ్మదిగా, ఒక్కో మాట తూచి తూచి పాడే మనిషి, ఇంకోవైపు ఆగకుండా వాయించడమే ప్రాణంగా ఉన్న బ్యాండ్. కలిస్తే మామూలుగా బ్యాండే మింగేస్తుంది. కానీ ఈ ఆల్బమ్‌లో అలా జరగలేదు. పాటలు పాటల్లాగే ఉంటాయి, లీడ్ గొంతు విక్‌దే, మాట స్పష్టంగా వినబడుతుంది, బ్యాండ్ వెనక ఉందని తెలుస్తుంది, అవసరమైన చోట ముందుకొస్తుంది, మళ్లీ వెనక్కి వెళ్తుంది. ఈ ఆల్బమ్‌లోనే ఉన్న బ్లైట్ అనే పాటని పానిక్ వాళ్లు తర్వాత కచేరీల్లో ఎంత సాగదీసి వాయించారో వింటే, రికార్డ్‌లో వాళ్లు ఎంత ఆపుకున్నారో అర్థమవుతుంది. నేనైతే ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినమని అందరికీ చెప్తా, ఎందుకంటే ఈ పని మొత్తంలో నేర్చుకోవాల్సింది ఆ తేడాలోనే ఉంది.

మనకి ఇది కొత్త విషయం కూడా కాదు. కచేరీకి వెళ్లినవాళ్లకి తెలుసు, పక్కవాద్యం అంటే ఏంటో. మృదంగం ఆయన ఎంత గొప్ప విద్వాంసుడైనా పాడేవాళ్లు సాహిత్యం పలికేటప్పుడు మాట మీద కొట్టడు, మాటని మోస్తాడు, తన టైమ్ తని ఆవర్తనంలో వస్తుంది, అప్పుడు అంతా ఆయనదే. జామ్ బ్యాండ్ పాట రాసేవాళ్లతో కూర్చున్నప్పుడు పక్కవాద్యం అవ్వాలి. మొదటి నెల మాకు ఇదే తెలియక పోగొట్టుకున్నాం.

సరే ఇంక పని. ఫస్ట్ పాటలు ఏవో తేల్చుకోండి, వాద్యాలు బయటికి తీయకముందే. ఇది చిన్న విషయం అనిపిస్తుంది కానీ పెద్ద పెద్దవాళ్లే ఇక్కడ బోల్తా పడ్డారు. 1987లో బాబ్ డిలాన్, గ్రేట్‌ఫుల్ డెడ్ కలిసి ఆరు స్టేడియం షోలు చేశారు, దాంట్లోంచి ఏడు పాటలతో 1989లో లైవ్ ఆల్బమ్ వచ్చింది, ఒకవైపు అమెరికాలో అందరికన్నా పెద్ద పాటల రచయిత, ఇంకోవైపు అన్ని జామ్ బ్యాండ్‌లకీ పెద్దన్న లాంటి బ్యాండ్, అయినా ఆ రికార్డ్‌కి మంచి పేరు రాలేదు. రిహార్సల్‌లో డెడ్ వాళ్లు తను ఎప్పుడో వదిలేసిన పాత పాటలన్నీ వాయిద్దామనేసరికి మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయానని డిలాన్ 2004లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. బ్యాండ్‌కి ఇష్టమైన పాటలు వేరు, రాసినవాడు ఇవాళ నోరారా పాడగలిగే పాటలు వేరు. కాబట్టి లిస్ట్ రాసినవాళ్లే ఇవ్వాలి, బ్యాండ్ దాంట్లోంచి ఏరుకోవాలి. మా అక్క పద్నాలుగు ఇచ్చింది, మేం ఆరు తీసుకున్నాం, తీసుకోని వాటిలో మా కీబోర్డ్ వాడికి ప్రాణమైన పాట ఒకటి ఉంది, కానీ అది పాడేటప్పుడు అక్క గొంతులో ఆ మనసు లేదు, ఎప్పుడో కాలేజీలో రాసింది, సో వదిలేశాం.

పాటలు తేలాక రాసినవాళ్లు ఒక్కో పాటకి ఒక్క రికార్డింగ్ ఇవ్వాలి, ఫోన్లోనే, గిటార్, గొంతు, అంతే. నీట్‌గా ఉండక్కర్లేదు. ఆ రికార్డింగ్‌ని బ్యాండ్‌లో అందరూ వారం రోజులు కార్లో వినాలి, వాద్యం ముట్టుకోకుండా. ఆ తర్వాత ఫస్ట్ సిట్టింగ్‌లో అసలు వాయించొద్దు. కూర్చుని సాహిత్యం గట్టిగా చదివించుకోండి, పాటలా కాదు, మామూలుగా మాట్లాడినట్టు. మేం దీన్ని రెండో నెలలో చేశాం, చేసిన రోజే విషయం అర్థమైపోయింది. అక్క పాట ఒకటుంది, నాన్న బస్టాండ్‌లో కూతురి కోసం ఎదురుచూసే పాట, అందులో ఆఖరి బస్సు పోయాక కూడా నాన్న నిలబడే ఉన్నాడు అని ఒక లైన్. మేం నెల రోజులు ఆ పాట వాయించాం కదా, మా డ్రమ్మర్ ఆ లైన్ చదవగానే తలెత్తి "అక్కా, ఆమె రాలేదా?" అన్నాడు. నెల రోజులు వాయించినవాడికి కథ తెలియదు. అక్క ఏం కోప్పడలేదు, "తమ్ముడూ, నువ్వు అక్కడ పెద్ద ఫిల్ వేస్తావు కదా, అందుకే ఎవరికీ వినబడలేదు" అంది. ఫిల్ అంటే లైన్ల మధ్య ఖాళీలో వేసే చిన్న వాయింపు. ఆ రోజు ఎవరం ఏమీ వాయించలేదు, టీ తాగి వెళ్లిపోయాం.

శ్రుతి, వేగం, ఈ రెండూ రాసినవాళ్లవే. దీంట్లో బేరం లేదు. మా లీడ్ గిటార్ అతనికి A స్కేల్‌లో సోలోలు చేతికి అలవాటు, అందుకని G శ్రుతిలో ఉన్న పాటని Aకి పెంచేశాం, పల్లవి పైకి వెళ్లేసరికి అక్క గొంతు పీలగా అయిపోయింది, ఆమె మొహమాటానికి చెప్పలేదు, మాకు రికార్డింగ్ వింటే గానీ తెలియలేదు. వేగం ఇంకా మోసం చేస్తుంది, ఎందుకంటే ఐదుగురు కలిసి వాయిస్తే ఉత్సాహంలో తెలియకుండానే పరుగు వస్తుంది. అక్క ఇంట్లో ఒక్కతే పాడుకున్న రికార్డింగ్‌లో నిమిషానికి 78 బీట్‌లు, మేం వాయిస్తున్నది 92. పద్నాలుగు బీట్‌లు తేడా అంటే ఊపిరి తీసుకోవడానికి చోటు ఉండదు, మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. దీనికి మేం కనిపెట్టిన ఉపాయం, పాట మొదలెట్టేముందు డ్రమ్మర్ స్టిక్స్‌తో కౌంట్ ఇవ్వకూడదు, రాసినవాళ్లే గిటార్‌తో రెండు బార్‌లు (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) ఒంటరిగా వాయించి మొదలుపెట్టాలి, మిగతావాళ్లు వచ్చి కలవాలి. క్లిక్ ట్రాక్, అంటే చెవిలో టిక్ టిక్ అని వేగం చెప్పే చప్పుడు, మేం వాడలేదు, మీరు వాడుకుంటే వాడుకోండి, కానీ మాట కోసం కాస్త ఆగి మళ్లీ అందుకునే పాటలకి క్లిక్ పెడితే ఆ ఆగడం పోతుంది.

విక్ విషయంలో నాకు ఎప్పుడూ అనిపించేది ఒకటుంది. వేళ్లు సహకరించవు కాబట్టి అతను వాయించేవి సింపుల్ కార్డ్‌లు, కార్డ్‌కి కార్డ్‌కి మధ్య ఖాళీ ఉంటుంది. వేరే బ్యాండ్ అయితే పాపం వాయించలేకపోతున్నాడు మనం నింపుదాం అనుకునేది. ఆ ఖాళీలోనే అతని మాట నిలబడుతుంది, మీరు దాన్ని నింపేస్తే మాట పడిపోతుంది. కాబట్టి రాసినవాళ్లు గిటార్ అంత బాగా వాయించలేకపోతే వాళ్ల చేతిలోంచి గిటార్ తీసేసి మీ గిటారిస్ట్‌కి ఇచ్చే తప్పు మాత్రం చేయొద్దు. మేం చేశాం, ఒక్కరోజే, కానీ ఆ రోజు అక్క పాడుతుంటే ఎవరి పాటో పాడుతున్నట్టు ఉంది. ఆ తడబడే గిటారే పాటకి వెన్నెముక, దాన్ని మధ్యలో పెట్టి మిగతావి దాని చుట్టూ కట్టండి.

ఇంక అరేంజ్‌మెంట్. జామ్ బ్యాండ్‌లో అందరూ అన్నివేళలా వాయిస్తూనే ఉంటారు, అలవాటు అలాంటిది. ఇక్కడ ఒక కాగితం తీసుకుని పాటని పల్లవి, మొదటి చరణం, రెండో చరణం అని గీతలు గీసి ఒక్కో దాంట్లో ఎవరు ఉండరో రాయండి. ఎవరు వాయిస్తారో రాస్తే అందరూ చేరిపోతారు, ఎవరు ఉండరో రాయడమే తేలిక. బస్టాండ్ పాటలో మొదటి చరణంలో డ్రమ్స్ లేవు, లీడ్ గిటార్ లేదు, బేస్ కూడా లేదు, అంటే నేను లేను, రెండున్నర నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. మొదట్లో చాలా కష్టంగా అనిపించింది, పనిలేనట్టు. తర్వాత రెండో చరణంలో నా మొదటి నోట్ పడినప్పుడు గది మొత్తం కిందకి దిగినట్టు అయింది, ముందునుంచి వాయిస్తూ ఉంటే ఆ నోట్‌కి అంత బరువు వచ్చేది కాదు.

తెలుగులో పాడేవాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి, ఇది ఇంగ్లిష్ రికార్డ్‌లు విని నేర్చుకుంటే దొరకదు. ఇంగ్లిష్‌లో లైన్ చివర చాలాసార్లు హల్లుతో టక్కున మూసుకుంటుంది, మూసుకోగానే గిటార్ వాడు చిన్న జవాబు వాయించొచ్చు, రాక్ పాటల్లో ఫిల్స్ అన్నీ అక్కడే కూర్చుంటాయి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, నిలబడే ఉన్నాడు అంటే ఆ డు దగ్గర ఉకారం ఇంకా సాగుతూ ఉంటుంది, గొంతు ఇంకా గాల్లోనే ఉంది, మనం లైన్ అయిపోయింది అనుకుని ఫిల్ వేసేస్తాం, వేస్తే ఆ అచ్చు చచ్చిపోతుంది. మేం ఒక రూల్ పెట్టుకున్నాం, పాడేవాళ్లు ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడేదాకా ఎవరూ జవాబు ఇవ్వకూడదు. ఊపిరి వినాలంటే తక్కువ చప్పుడుతో వాయించాలి కదా, అలా వాల్యూమ్ కూడా దానంతట అదే తగ్గింది.

మరి జామ్ ఎక్కడ, అసలు జామ్ లేకపోతే జామ్ బ్యాండ్ ఎందుకు అంటారు. ఇక్కడే నాకు ఈ పని మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఉంది. మన కచేరీలో నెరవల్ ఉంది చూశారా, కీర్తనలో ఒక లైన్ తీసుకుని దాన్నే మళ్లీ మళ్లీ రకరకాలుగా పాడతారు, రాగం ఎంత దూరం వెళ్లినా మాటలు తాళంలో వాటి చోట్లలోనే పడతాయి, మాట మారదు, దాని లోపల ఉన్నది బయటికి వస్తుంది. జామ్ కూడా అలాగే చేయండి. పాట అయిపోయాక ఊరికే ఒక కార్డ్ మీద పది నిమిషాలు వాయించడం కాకుండా, సాహిత్యంలోంచి ఒక్క లైన్ ఎంచుకోండి, ఆ లైన్ దగ్గరే పాట తెరుచుకోవాలి, వాయించే ప్రతి మనిషీ ఆ లైన్‌ని మనసులో అనుకుంటూ వాయించాలి. బస్టాండ్ పాటలో మేం ఆ నాన్న నిలబడే ఉన్నాడు లైన్ దగ్గర తెరిచాం. లైన్ అయ్యాక నాలుగు బార్‌లు ఏమీ ఉండదు, అక్క గిటార్ కూడా ఆగిపోతుంది, ఖాళీ బస్టాండ్ అది. ఆ తర్వాత మా పెర్కషన్ తమ్ముడు, చిన్నప్పుడు ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నాడు, ఘటం మీద ఒక్క వేలితో, చాలా మెల్లగా, ఎవరో అటూ ఇటూ నడుస్తున్నట్టు మొదలుపెడతాడు. అప్పుడు కీబోర్డ్, తర్వాత నేను, ఆఖర్న గిటార్. గిటార్ ఆ లైన్ మాటల లెక్కలోనే వాయిస్తుంది, ఎన్ని అక్షరాలో అన్ని దెబ్బలు, ఒకసారి పైన, ఒకసారి కింద, ఒకసారి మధ్యలో ఆపేసి. రికార్డ్‌లో అది మూడు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది, ఇంట్లో వాయించుకునేటప్పుడు పన్నెండు నిమిషాలు కూడా పోతుంది. మూడున్నర నిమిషాలు విన్నాక అక్క మళ్లీ అదే లైన్ పాడితే మా అమ్మ, అసలు రాక్ అంటే ఏంటో తెలియని మనిషి, పక్క గదిలోంచి లేచి వచ్చింది.

ఇంకోటి, జామ్‌లోంచి కిందికి దిగే చోటు ముందే అనుకోండి. పైకి ఎగరడం అందరికీ వచ్చు, దిగడమే రాదు. ఎవరో ఒకరు సైగ ఇవ్వాలి, ఆ ఒకరు పాట రాసినవాళ్లే అయి ఉండాలి. అక్క గిటార్ మెడ పైకెత్తితే నాలుగు బార్‌లలో అందరం పల్లవికి వచ్చేయాలి, ఎవడు ఎంత మంచి సోలో మధ్యలో ఉన్నా సరే. ఇది ఒట్టి అధికారం అనుకోకండి, పాటలో ఇంకా కథ మిగిలి ఉందా అయిపోయిందా అనేది రాసిన మనిషికే తెలుస్తుంది. ఆరు పాటల్లో రెండింటికే జామ్ పెట్టాం, మిగతా నాలుగూ నాలుగు నిమిషాల లోపే, అలా ఉంటేనే ఆ రెండూ నిలబడతాయి. వినైల్ (గ్రామఫోన్ మీద తిరిగే రకం రికార్డ్) వేసే ఆలోచన ఉంటే ఇది లెక్కకి కూడా పనికొస్తుంది, ఒక సైడ్‌కి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే సౌండ్ లెవెల్ తగ్గించి కట్ చేయాల్సి వస్తుంది.

రికార్డింగ్‌కి పెద్ద స్టూడియో అక్కర్లేదు. బ్రూట్ రికార్డ్ చేసింది కూడా ఎక్కడో న్యూయార్క్‌లో కాదు, ఏథెన్స్‌లోనే జాన్ కీన్ దగ్గర, ఆయన ఆ ఊరి బ్యాండ్‌లన్నిటికీ తెలిసిన మనిషి, పానిక్ వాళ్లతో ఎన్నో ఆల్బమ్‌లు చేశాడు, రెండువైపులా తెలిసిన ఒక మనిషి కంట్రోల్స్ దగ్గర కూర్చోవడం చాలా పెద్ద బలం. మీకు అలాంటి మనిషి దొరికితే వదలొద్దు, బ్యాండ్‌లో వాయించే మనిషి ఇంజనీర్‌గా కూర్చుంటే తన వాద్యమే పైకి వినబడుతుంది, ఎంత మంచివాడైనా అంతే. మాకు వేరే బ్యాండ్ ఫ్రెండ్ ఒకడు వచ్చి రెండు శని ఆదివారాలు కూర్చున్నాడు.

సామాను ఇది: మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే ఎనిమిది ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఒకటి, డ్రమ్స్‌కి నాలుగు మైకులు, అంటే కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి, పైన రెండు, గిటార్ ఆంప్ ముందు ఎస్‌ఎం57 అనే మైకు, బేస్ మైకు లేకుండా నేరుగా కలిపే డీఐ బాక్స్‌లోంచి, అక్క గొంతుకి ఒకటి, ఆమె గిటార్‌కి పన్నెండో ఫ్రెట్ వైపు తిప్పి అడుగు దూరంలో ఇంకొకటి. ఎనిమిదీ అయిపోయాయి కదా, కీబోర్డూ ఘటమూ ఏవి అంటే, ఘటం ఆ పైన పెట్టిన రెండు మైకుల్లోకే వచ్చేలా డ్రమ్స్ పక్కనే కూర్చోబెట్టాం, కీబోర్డ్ మిడిగా, అంటే ఏ నోట్ ఎప్పుడు నొక్కారో అది మాత్రమే, రికార్డ్ చేసి తర్వాత సౌండ్ పెట్టుకున్నాం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, లెవెల్ మైనస్ పది, పన్నెండు డెసిబెల్స్ దగ్గర పీక్ అయ్యేలా పెట్టుకుంటే చాలు, ఎర్ర లైట్ దాకా తీసుకెళ్లకండి. అందరూ ఒకేసారి వాయించాలి, ఒక్కొక్కరూ విడివిడిగా చేస్తే ఈ రకం పాట రాదు. పాడే మనిషిని లాండ్రీ రూమ్‌లో కూర్చోబెట్టి తలుపు కొంచెం తెరిచి పెట్టాం, డ్రమ్మర్‌కి ఆమె మొహం కనబడాలి, ఊపిరి తీసుకోవడం కనబడాలి. గోడలకి బొంతలు, దుప్పట్లు వేలాడదీశాం. డ్రమ్స్ చప్పుడు కొంచెం గొంతు మైకులోకి వస్తుంది, రానివ్వండి, ఒకే గదిలో ఉన్నట్టు ఉంటుంది.

హెడ్‌ఫోన్స్‌లో అందరికీ గొంతు అన్నిటికన్నా గట్టిగా పెట్టండి. ఇది మేం చేసిన మార్పులన్నిటిలోకీ ఎక్కువ ఫలితం ఇచ్చింది. మామూలుగా ఎవడి హెడ్‌ఫోన్‌లో వాడే పెద్దగా ఉంటాడు, గొంతు పెద్దగా పెడితే చేతులు వాటంతట అవే తగ్గుతాయి. పాటకి మూడు టేక్‌లు, అంతకన్నా వద్దు, నాలుగో దాంట్లో వాయింపు బాగుంటుంది గానీ పాడే మనిషిలో కథ అయిపోతుంది. టేక్ ఎంచుకునేటప్పుడు బాగా పాడిన టేక్ తీసుకోండి, బాగా వాయించిన టేక్ కాదు. నేను తప్పు నోట్ వేసిన టేక్ ఒకటి అలాగే ఉంది ఆల్బమ్‌లో, రెండో పాట చివర, ఆ టేక్‌లోనే అక్క చివరి పల్లవి గుసగుసలా పాడింది, మళ్లీ అలా పాడలేదు.

మిక్సింగ్ ఎక్కువ చెప్పను, ఒక్కటే. మాట అర్థమయ్యేది హల్లుల వల్ల, ఒత్తుల వల్ల, అవన్నీ సుమారు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యలో ఉంటాయి, సింబల్స్ మోత, డిస్టార్షన్ గిటార్ గరగర కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటాయి. కాబట్టి గొంతు పెంచేముందు ఆ చోట గిటార్‌ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూడండి, డ్రమ్మర్‌ని రికార్డింగ్ అప్పుడే చరణంలో రైడ్ సింబల్ బదులు హైహాట్ మూసి వాయించమనండి. మిక్స్ అయ్యాక ఆ పాట ఎప్పుడూ వినని మనిషికి ఫోన్ స్పీకర్‌లో వినిపించి లైన్లు తిరిగి చెప్పమనండి. మేం మా ఆవిడకి వినిపిస్తే బస్సు అన్న మాట మనసు అని వినబడిందంది, వెళ్లి సరిచేశాం.

చివరగా పేరు, లెక్కలు. పేరు విషయంలో బ్రూట్ వాళ్ల పద్ధతి చాలా మంచిది. విక్ చెస్‌నట్ అండ్ వైడ్‌స్ప్రెడ్ పానిక్ అని పెట్టుకోవచ్చు, పానిక్‌కి అప్పటికే మంచి పేరుంది, టికెట్లు కూడా అమ్ముడుపోయేవి. పెట్టుకోలేదు, కొత్త పేరు పెట్టుకున్నారు. దాంతో ఇటు పానిక్ ఫ్యాన్స్ పెద్ద పెద్ద సోలోల కోసం ఎదురుచూడక్కర్లేదు, అటు విక్ పాటలు ఇష్టపడేవాళ్లు నిశ్శబ్దం కోసం ఎదురుచూడక్కర్లేదు, మూడో మనిషి ఎవరో వచ్చినట్టు. అదే పేరుతో 2002లో కో-బాల్ట్ అని ఇంకో ఆల్బమ్ కూడా చేశారు, ఆ ఏడాదే ఆగస్టులో పానిక్ గిటారిస్ట్ మైకేల్ హౌజర్ క్యాన్సర్‌తో పోయాడు. విక్ 2009 డిసెంబర్ 25న నలభై అయిదేళ్లకే పోయాడు, తర్వాత సంవత్సరం వచ్చిన పానిక్ ఆల్బమ్‌లో అతని పాట ఒకటి ఉంది. పరిచయం ఒక రికార్డ్‌తో ఆగిపోలేదు వాళ్ల మధ్య.

లెక్కలు మొదటి రోజే రాసుకోవాలి, ఫ్రెండ్స్ కదా తర్వాత చూద్దాం అనొద్దు. అమెరికాలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పాటకి రచయితలు అయితే, వేరే ఒప్పందం ఏమీ రాసుకోకపోతే, అందరికీ సమాన వాటా ఉన్నట్టే చట్టం చూస్తుంది, ఒకరు సాహిత్యం మొత్తం రాసి ఇంకొకరు నాలుగు బార్‌లు కలిపినా సరే. పైగా పాట హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు, రెండూ విడివిడిగా రాసుకోవాలి. మేం ఏం చేశామంటే, పాట సాహిత్యం, ట్యూన్ మొత్తం అక్కదే, నూటికి నూరు, జామ్ ఉన్న రెండు పాటల్లో మాత్రం ఇరవై శాతం బ్యాండ్‌కి, ఎందుకంటే ఆ భాగం ఐదుగురం కలిసి కట్టింది. రికార్డింగ్ హక్కు ఆరుగురికీ సమానం. ఇది ఒక్క పేజీ, దాన్నే స్ప్లిట్ షీట్ అంటారు, పాట పేరు, మనుషుల పేర్లు, శాతాలు, తేదీ, సంతకాలు, అంతే. పాటల రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థలు ఆస్‌క్యాప్‌లోనో బీఎమ్ఐలోనో రిజిస్టర్ చేసేటప్పుడు ఈ శాతాలే ఎక్కిస్తారు, ఇండియాలో ఉండేవాళ్లయితే ఐపీఆర్‌ఎస్‌లో. మేం సంతకాలు పెట్టింది మొదటి రిహార్సల్ రోజు కాదు, జామ్ భాగం కుదిరిన రోజు రాత్రి, కిచెన్ టేబుల్ మీద, ఘటం పక్కకి జరిపి. మీరు మాత్రం అంతదాకా ఆగకుండా శాతాలు ఖాళీ వదిలైనా సరే ఆ కాగితం మొదటి రోజే మొదలుపెట్టి పెట్టుకోండి, ఏ పాటకి ఎవరు ఏం కలిపారో ఆ రోజుకారోజు దాని వెనక రాస్తూ పోతే చివర్లో శాతాలు నింపడానికి పది నిమిషాలు కూడా పట్టదు.